తాతగారు వింటారు

తుర్గున్ ఇంట్లో ఎవరైనా ఎవరినైనా తిట్టవచ్చు, ఒక్క బాయిలర్‌ను తప్ప. పలావు మాడిందని భార్య మవ్జూదాను అన్నా, ఊరు అదిరేలా గుర్రు పెడతాడని స్వయంగా తననే అన్నా ఆయన నవ్వి ఊరుకుంటాడు. వరండా చివరి గదిలో నిలబడి ఉన్న ఆ ఇనప పీపాను మాత్రం ఎవరైనా పల్లెత్తు మాట అన్నారో, ఆయన గుండె గుభేలుమంటుంది. పెదవుల మీద వేలు వేసుకుని, "ష్! తాతగారు వింటారు" అంటాడు.

తాష్కెంట్ పాత పేటలోని ఆ ఇంటికి మవ్జూదా కాపురానికి వచ్చిన ఏడాదే ఆ బాయిలర్ కూడా వచ్చింది. మనిషి ఎత్తు, ఇద్దరి లావు. గ్యాస్ మంట మీద నీళ్లు కాచి, ఇంట్లో ఉన్న ఆరు రేడియేటర్లకూ గొట్టాల గుండా పంపి ముప్పై చలికాలాలు గట్టెక్కించింది. ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతే, "వయసు మీద పడితే నాకు మాత్రం జుట్టు రాలలేదా?" అని తుర్గున్ దాన్ని వెనకేసుకొచ్చేవాడు.

కోడలు దిల్‌రబోకు ఈ సంగతి పెళ్లయిన మర్నాడే తెలిసింది. ఆ ఉదయం కొత్త కోడలు మేలిముసుగు వేసుకుని, పేరు పిలిచిన పెద్దలందరికీ వంగి సలాం చేయాలి. పెదమామగారు, చినమామగారు, మేనత్త, మేనత్తగారి తోటికోడలు, ఎవరికీ ఏమీ కాని ఒక పెద్దమనిషి, ఇలా నలభై మూడు సలాములు చేసేసరికి ఆ పిల్లకు నడుం పట్టేసింది.

"అయిపోయినట్టేనా అత్తయ్యా?" అని ముసుగులోంచి గుసగుసలాడింది.

"ఇంకొకరు మిగిలారమ్మా," అంటూ మామగారు ముందు నడిచి వరండా చివరి గది తలుపు తీశాడు.

లోపల మనిషి జాడ లేదు. "ఎవరికి మామయ్యా?"

"అదేమిటి, ఎదురుగానే ఉన్నారుగా!"

దిల్‌రబో ఇనప పీపాకు వంగి సలాం చేసింది. గోడ వైపు నుంచి టక్ టక్ అని రెండు చప్పుళ్లు వినిపించాయి.

"చూశావా? దీవించారు!" అని ఆయన పొంగిపోయాడు.

పిచ్చివాళ్ల ఇంట్లో పడ్డానా అని ఆ పిల్ల మొగుడి వైపు చూసింది. ఒయ్‌బెక్ భుజాలు ఎగరేసి, "పాత గొట్టాలు. గాలి చేరి కొట్టుకుంటాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాకూ ఈ దీవెనలు అందుతూనే ఉన్నాయి," అన్నాడు.

అది రోజూ జరిగే తంతేనని తర్వాత తెలిసింది. పొద్దున్నే తుర్గున్ టోపీ సర్దుకుని బాయిలర్ ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. "సలాం! రాత్రి నిద్ర పట్టిందా? మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇవాళ నేల జారుడుగా ఉంది, వీధిలోకి వెళ్లకండి," అని గొంతెత్తి చెబుతాడు. బాయిలర్ వీధిలోకి వెళ్లడమేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. టక్ టక్ అని వినబడ్డాక గానీ టీ ముట్టడు. ఒకసారి ఆ చప్పుడు కాస్త ఆలస్యమైతే, టీ చల్లారిపోయినా, బస్సు వెళ్లిపోయినా అక్కడి నుంచి కదల్లేదు.

ఆ పేటలో విడ్డూరం ఆయన ఒక్కడే కాదు. గోడకు అవతల ఒంటరిగా ఉండే సబోహత్ అవ్వ కూడా తక్కువదేం కాదు. ట్రాములు నడిచినన్నాళ్లూ ఆవిడ టికెట్ ఇన్‌స్పెక్టరు. టికెట్ లేదని సొంత తమ్ముణ్ణే నడివీధిలో దింపేసిన మనిషి. ఒకరి సొమ్ము పూచికపుల్లంత కూడా ముట్టదు. మవ్జూదా గిన్నెడు సూప్ పంపితే గంట తిరక్కుండా అదే గిన్నె నిండా ఎండుద్రాక్ష తిరిగి వస్తుంది. పెళ్లి పలావు తిన్నందుకు కూడా మర్నాడు రెండు రొట్టెలు పంపింది.

ఈ ఏడు నవంబరు మొదట్లో తాతగారు పొగ కక్కారు. నీలంగా ఉండాల్సిన మంట పచ్చబడింది. గోడకు మసి పట్టింది. తనిఖీకి వచ్చిన గ్యాస్ మనిషి చూసి, "మొదటి మంచు పడేలోగా దీన్ని మార్చాలి, లేదంటే గ్యాస్ కట్టేస్తాను. దీని విషం ముక్కుకు తెలియదు, నిద్రలోనే మనుషులను పట్టుకుపోతుంది," అని తేల్చేశాడు. దిల్‌రబోకు అప్పుడు ఐదో నెల. మవ్జూదాకు ఆ మాటతో కంటి మీద కునుకు కరువైంది.

అయితే ఈ విషయం ఎక్కడ మాట్లాడుకోవాలి? గది తలుపులు మూసుకుందామంటే, "ప్రతి గదిలోనూ గొట్టాలున్నాయి కదే!" అన్నాడు తుర్గున్. కాబట్టి ఇల్లు వెచ్చగా ఉండటం గురించి చర్చించడానికి ఆ ఇంటిల్లిపాదీ వీధి గుమ్మం అవతల గజగజ వణుకుతూ నిలబడ్డారు.

"కొత్తది కొనేద్దాం," అంది మవ్జూదా.

"తాతగారికి ఏం తక్కువైందట?"

"పొగ వస్తోందయ్యా మగడా!"

"వయసొచ్చాక ఎవరు దగ్గరు?"

"కొత్తవి చాలా తెలివైనవి నాన్నా," అన్నాడు ఒయ్‌బెక్. "ఎంత వేడి కావాలో అంతే ఇస్తాయి. పిసరంత కూడా ఎక్కువ ఇవ్వవు."

ఆ మాటకు తుర్గున్ ముఖం వాడిపోయింది. "అదేరా నా బాధ," అని లోపలికి వెళ్లిపోయాడు. బాధ ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇక ఈయనతో కాదనుకుని మవ్జూదా తనే రంగంలోకి దిగింది. ఆవిడ అక్క కొడుక్కి బాయిలర్ల దుకాణం ఉంది. గుమ్మం దగ్గర మాట్లాడినా మొగుడు ష్ అంటున్నాడని, అక్కతో ఫోనులో పెళ్లిమాటల ముసుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ సంగతి కోడలికి చెప్పడం మరిచిపోయింది.

ఒక ఉదయం కోడలి ఆనవాయితీ ప్రకారం దిల్‌రబో గుమ్మం ముందు ఊడుస్తోంది. గోడ మలుపులో అత్తగారి గొంతు వినబడింది.

"అవునక్కా, తెల్లటిది చూడు. సన్నగా ఉండాలి. గోడకు అంటిపెట్టుకుని ఓ మూల పడి ఉండాలి. చప్పుడు చేయకూడదు. తిండి తక్కువ తినాలి. ఇప్పుడున్నదా? అయ్యో, దాని తిండి సంగతి అడక్కు! పైగా మొన్న ఇల్లంతా పొగ పెట్టింది. ఆ, మా ఆయనకు దాని మీద మమకారం, వదలడు. మంచు పడేలోగా పాతదాన్ని సాగనంపి కొత్తదాన్ని ఇంటికి తెచ్చుకుంటాం."

చీపురు చేతిలోంచి జారిపోయింది. మొన్న గురువారం పలావులోకి క్యారెట్లు వేయిస్తూ ఇల్లంతా పొగ పెట్టింది తనే. ఇద్దరి తిండి తింటోంది తనే. రంగు కూడా చామనఛాయే. కాపురానికి వచ్చి ఏడాదైనా తిరగలేదు, అప్పుడే ఇంకో కోడలా! నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ పొగ వచ్చినందుకే తన కొంపకు నిప్పంటుకుందని ఆ పిల్ల కుమిలిపోయింది.

రెండు రోజులు సగం రొట్టెతో సరిపెట్టుకుంది. మూడో రోజు మవ్జూదా టీ పోస్తూ ఆగి, "ఏమే, ఒంట్లో బాగాలేదా? ఆ గోడలు రాసుకుంటూ నడవడమేమిటి? నోట్లోంచి మాటే రావడం లేదేం?" అంది.

దిల్‌రబో బావురుమంది. "తక్కువే తింటున్నాను అత్తయ్యా! చప్పుడు కూడా చేయడం లేదు! నన్ను పంపించకండి!"

మవ్జూదా ముందు నోరు తెరిచింది, తర్వాత విషయం అర్థమై కోడలిని కావలించుకుని నవ్వలేక ఏడుస్తూ, ఏడవలేక నవ్వుతూ గొంతు చించుకుంది. "ఓసి నా పిచ్చితల్లీ! నిన్ను కాదే! బాయిలర్‌ని! పంపించేది ముసలి బాయిలర్‌ని!"

దిల్‌రబో గుండె మీది బండ దిగిపోయింది. రెండు రోజుల తిండీ ఆ పూటే తినేసింది. పెరట్లో ఉన్న తుర్గున్ మాత్రం చేతిలోని పారను వదిలేసి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

మర్నాడు ఆయన సలాం చేశాడు. జవాబు లేదు. మోకాళ్ల సంగతి అడిగాడు. జవాబు లేదు. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. "విన్నారు," అన్నాడు మెల్లగా. చాలాసేపటికి టక్ అని ఒక్కటే, అదీ నీరసంగా వినిపించింది.

అదే సమయానికి మవ్జూదా పిలిపించిన మెకానిక్ ఖుద్రత్ సంచీతో దిగాడు. బాయిలర్ చుట్టూ తిరిగాడు. చెవి ఆనించి విన్నాడు.

"గాలి చేరిన గొట్టం ఇలా కొట్టుకోదు. ఎవరో చెంచాతో కొట్టారు," అన్నాడు. తర్వాత వంగి చూశాడు. "ఇంట్లో ఆరు రేడియేటర్లన్నారు కదా, మరి ఈ ఏడో గొట్టం ఎక్కడికి పోతోంది?"

అందరూ వంగారు. బాయిలర్ వెనక నుంచి సన్నటి గొట్టం ఒకటి గోడలోకి దూరిపోయింది. ఆ గోడ అవతల ఉన్నది సబోహత్ అవ్వ గది.

తుర్గున్ అందరినీ వీధి గుమ్మం అవతలికి నడిపించాడు.

"ఇరవై ఏళ్లయింది," అన్నాడు టోపీ చేతిలో నలుపుతూ. "ఆవిడ భర్త పోయిన చలికాలం. బొగ్గు చాలక, ట్రాము కోటు తొడుక్కుని పడుకునేది. మా వేడి తీసుకో అక్కా అంటే, టికెట్ లేని ప్రయాణం చేయను తమ్ముడూ అంది. అప్పుడు అబద్ధమాడాను. మా బాయిలర్‌కు వేడి ఎక్కువైంది, ఎవరైనా కాస్త తీసుకోకపోతే పగిలేలా ఉంది, నువ్వే కాపాడాలి అన్నాను. అలాగైతే అది డ్యూటీ అంది. వేడి అందిందని రోజూ రెండు దెబ్బలు కొట్టి చెబుతుంది."

"మరి ఆ మోకాళ్లు?" అంది దిల్‌రబో.

"ఆవిడవే! బాయిలర్‌కు మోకాళ్లెక్కడైనా ఉంటాయా?" అని ఆయన కసురుకున్నాడు.

"ఇరవై ఏళ్లు! నాకైనా చెప్పలేదే!" అంది మవ్జూదా.

"నీకు చెబితే మీ అక్కకు చెప్పినట్టే కదా. ఆ గోడ పల్చనిది. మార్చేస్తున్నామని తెలిస్తే, తన వల్లే మనకు బరువైందనుకుంటుందని భయం. అనుకున్నట్టే నిన్న వినేసింది. కొత్తది పిసరంత కూడా ఎక్కువ ఇవ్వదని వీడు వీధిలో చాటాడు. ఇక నేనేం చెప్పి ఆవిడకు వేడి అంటగట్టను? మళ్లీ ఆ కోటే గతి."

ఖుద్రత్ తల గోక్కున్నాడు. "కొత్తవాటితో ఇంకో తంటా ఉందిలెండి. రేడియేటర్లు మరీ తక్కువైతే ఊరికే వెలుగుతూ ఆరుతూ తొందరగా పాడైపోతాయి."

దిల్‌రబో చటుక్కున తలెత్తింది. "ఎన్ని ఉండాలేమిటి?"

"మీకు ఆరు సరిపోతాయమ్మా."

"ఏడుండాలని రాసివ్వలేరా అన్నయ్యా?"

ఖుద్రత్ ఆ పిల్లను చూశాడు, తుర్గున్‌ను చూశాడు. "ఏడు లేకపోతే నేను అసలు బిగించనే బిగించను," అని కాగితం మీద రాసి, ముద్ర కూడా గుద్ది ఇచ్చాడు.

దిల్‌రబో వెళ్లేసరికి సబోహత్ అవ్వ మంచం మీద పాత ట్రాము కోటు పరిచి బ్రష్‌తో దులుపుతోంది.

"తాతగారిని పంపేస్తున్నారటగా? మంచి పనే. కడుపుతో ఉన్నదానివి, ఆ పొగ నీకు పనికిరాదు," అంది తలెత్తకుండా.

"అవ్వా, కొత్తదానికి కనీసం ఏడు రేడియేటర్లు ఉండాలట. ఆరైతే పాడైపోతుందట. మాకేమో ఆరే ఉన్నాయి." దిల్‌రబో కాగితం చాపింది.

అవ్వ కళ్లద్దాలు పెట్టుకుంది. కాగితాన్ని తిప్పి చూసింది, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది, ముద్రను గోటితో గీకి చూసింది. అవ్వ సొరుగు లాగి, టికెట్లకు చిల్లు కొట్టే చిన్న ఇనప మిషన్ తీసింది. క్లిక్ మని కాగితానికి చిల్లు కొట్టి తిరిగి ఇచ్చింది.

"చెల్లుతుంది," అంది.

దిల్‌రబో ఊపిరి పీల్చుకుని గుమ్మం దాకా వెళ్లిందో లేదో వెనక నుంచి గొంతు వినబడింది.

"దొంగ టికెట్టు చేత్తో పట్టుకుంటేనే నాకు తెలిసిపోతుందే పిల్లా. మీ మామ ఇరవై ఏళ్ల కిందట తెచ్చిందీ దొంగదే. పగిలిపోయే బాయిలరట! చెప్తుంటే పాపం చెవులు ఎర్రగా కందిపోయాయి. అంత కష్టపడి తెచ్చాడు, ఉద్యోగమంతా అందరినీ దింపినదాన్ని, ఈ ఒక్కడినైనా దింపకూడదనుకున్నాను."

దిల్‌రబో కళ్లు చెమర్చాయి. "మీకు తెలుసని మామయ్యకు చెప్పనా?"

అవ్వ పెదవుల మీద వేలు వేసుకుంది. "ష్! తాతగారు వింటారు."

మొదటి మంచు పడిన రోజుకు కొత్త బాయిలర్ గోడకు ఎక్కింది. తెల్లగా, సన్నగా, అచ్చం మవ్జూదా అడిగినట్టే. తాతగారిని పెరట్లో ఎండ తగిలే చోట నిలబెట్టారు. పొద్దున్నే తుర్గున్ టోపీ సర్దుకుని కొత్తదాని ముందు చేతులు కట్టుకున్నాడు.

"సలాం! రాత్రి నిద్ర పట్టిందా? మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

బాయిలర్ కిక్కురుమనలేదు. వరండాలో టీ గిన్నెలు గాలిలోనే ఆగిపోయాయి. ఒయ్‌బెక్ నమలడం మానేశాడు. మవ్జూదా కళ్లు మూసుకుంది.

టక్ టక్.

ఎవరికి వారు పక్కవారికి వినబడకుండా ఊపిరి వదులుదామనుకున్నారు గానీ నలుగురిదీ ఒక్కసారే బయటికి వచ్చింది.

"కొత్త పిల్లయినా మర్యాద తెలిసిందే!" అంటూ తుర్గున్ చేతులు రుద్దుకుని టీకి వచ్చి కూర్చున్నాడు. దిల్‌రబో ఆయనకు టీ పోసి, పళ్లెంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద రొట్టె ముక్క తనే తీసుకుంది.