తెర అవతల అల్లుడు

మసాకా దగ్గర ఓ మిషన్ ఆసుపత్రిలో ముత్యాబ మత్తుమందు ఇచ్చే మనిషి. పెద్ద డాక్టరేం కాదు. అయినా ఊపిరి యంత్రం మీదున్న రోగిని ఎప్పుడు విడిపించాలో తేల్చాలంటే అందరూ అతని మొహమే చూసేవారు. యంత్రం సాయం తగ్గించి, మంచం పక్కన నిలబడి, రోగి ఊపిరి నిదానంగా సాగుతోందా, ఎగపోస్తోందా అని చూసేవాడు. "ఇక తీసేద్దాం" అన్నాడంటే గొంతులోని గొట్టం తీసేయడమే. ఆ మాట తప్పడం బాగా అరుదు. అందుకని కాస్త తలెగరేసేవాడు కూడా, దాచడం దేనికి!

అంతటివాడికి సొంత అత్తగారి దగ్గర అంచనా తప్పింది.

నాబుకెన్యా అనే ఆ పెద్దావిడకి పేగు మెలిపడి ఆపరేషనైంది, ఆపైన న్యుమోనియా పట్టుకుంది. మందులకి జ్వరం దిగింది, ఊపిరితిత్తులు తేరుకున్నాయి. అయినా పొద్దున్నే మత్తు ఆపి యంత్రం సాయం తగ్గిస్తే చాలు, ఎగశ్వాస, ఒళ్ళంతా చెమటలు. రోజూ ఇదే తంతు.

"రేపూ ఇంతే అయితే కంపాలా పెద్దాసుపత్రికి పంపేద్దాం. గొంతుకి రంధ్రం పెడతారు" అన్నాడు డాక్టరు.

దారిలో యంత్రం ఉండదు, చేత్తో గాలి సంచీ నొక్కుతూ పోవాలి. ఆ ప్రయాణానికి ఆవిడ తట్టుకోలేదని ముత్యాబకి తెలుసు. భయంతో ముద్ద దిగలేదు.

"ఊళ్ళోవాళ్ళందర్నీ బతికిస్తావు, మా అమ్మ దగ్గరికొచ్చేసరికి ఏం పోయేకాలమయ్యా నీకు?" అని భార్య నకిబూలే వరండాలోనే కడిగేసింది.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే ఎగశ్వాస. గొట్టం పీక్కోకుండా ఆవిడ చేతులు మంచానికి కట్టి ఉన్నాయి. కాళ్ళు మాత్రం ఊరుకోవడం లేదు. వేళ్ళతో దుప్పటి అంచు పట్టి పైకి నెట్టాలని చూస్తోంది. మొహం గోడవైపు తిప్పేసుకుంది.

ముత్యాబకి అప్పుడు వెలిగింది. పెళ్ళైన నాటి నుంచీ ఆవిడ అల్లుడి ఎదుట పడింది లేదు. దారిలో కనిపిస్తే అరటితోటలోకి తప్పుకునేది. మా బగండా జాతి ఇళ్ళల్లో అత్త అల్లుడి కంటపడకూడదు, అంతే మరి. మత్తులో ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు, తెలివొచ్చేసరికల్లా నెత్తిమీద అల్లుడు!

"సిస్టర్, నేను తెర వెనక్కి పోతాను. కట్లు విప్పి, దుప్పటి కప్పి, మీరు చూసి చెప్పండి" అన్నాడు.

సిస్టర్ బిరుంగిది పడమటి జిల్లా, బగండా మనిషి కాదు. "బాగుంది సంబడం! ప్రాణం పోతున్నా మీ బగండాలకి మర్యాదే కావాలి" అంటూనే కట్లు విప్పింది.

తెర వెనక ముత్యాబ చెవులు రిక్కించి నిలబడ్డాడు. కళ్ళతో తప్ప ఎన్నడూ తేల్చనివాడికి ఇప్పుడు బిరుంగి మాటే దిక్కు.

"నిదానించింది... చెమట లేదు... చక్కగా పీలుస్తోందయ్యా!"

"ఇక తీసేద్దాం" అన్నాడు.

గొట్టం తీశారు. ఆవిడ దగ్గింది, పక్కకొచ్చిన కూతురి చెయ్యి పట్టుకుంది. తెర వెనక ముత్యాబ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు.

"ఎవరే ఆ ఏడ్చేది?" పెద్దావిడ గొంతు బొంగురుగా వచ్చింది.

"ఎవరూ లేరమ్మా" అంది నకిబూలే.

"అల్లుడుగారైతే ఇంటికెళ్ళి ఇంత అరటికాయ మటోకే తినమను. చూడకూడదు గానీ చూశాను. బాగా చిక్కిపోయారు."