సాహెబు కారు టాపు

వానకు తడిసిన కాన్వాసు వాసన తగిలితే ఇప్పటికీ నేను తలెత్తి పైకి చూస్తాను.

చిన్నప్పుడు మేం రాయపూర్ రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్న రైలుపెట్టెల సీట్లు కుట్టేవాడు. ఒక ఆదివారం పొద్దున ఆయన పైఆఫీసరు సాహెబు పాత కారు మా గుమ్మం ముందుకొచ్చింది. దాని మడతపెట్టే టాపు చిరిగిపోయింది. నాన్న ముందే కుట్టి ఉంచిన కొత్త కాన్వాసును ఇనపకమ్ములకు బిగించాడు. తీరా చూస్తే అది నడుమ పాత నులకమంచంలా కిందికి దిగిపోయింది.

"సాయంత్రం సాహెబు వచ్చెత్తాడు. ఇది సూసి మనల్ని బదిలీ సేసెత్తే ఏటి గతి?" అంది అమ్మ.

బదిలీ అంటే ఎదురింటి మున్నీని వదిలి వెళ్ళడమే. నాకు ఏడుపొచ్చింది. అంతలో నాన్న బకెట్టుతో నీళ్ళు తెచ్చి టాపు మీద కుమ్మరించాడు.

"నాన్నా, ఒద్దు! కొత్తగుడ్డ పాడైపోతాది!"

"ఊరుకోయే. ఎండకి ఆరితే అదే బిగుసుకుంటాది."

నేను నమ్మలేదు. అన్నం ముట్టకుండా మెట్ల మీద కూర్చుని ఆ పల్లాన్నే చూస్తూ ఉండిపోయాను. పొద్దువాలేసరికి పల్లం మాయమైంది. సాహెబు వచ్చి టాపును వేలితో తట్టాడు. డప్పులా మోగింది.

"వాహ్! బహుత్ బఢియా!" అని మెచ్చుకున్నాడు.

నేను పరుగున వెళ్ళి, మేం ఎక్కడికీ పోవడం లేదని మున్నీకి చెప్పాను.

కొన్నాళ్ళకు సాహెబుకే ఖరగ్‌పూర్ బదిలీ అయింది. ఇలాంటి పనివాణ్ణి వదులుకోనని నాన్నను కూడా తనతోపాటు అక్కడికే బదిలీ చేయించుకున్నాడు. మమ్మల్ని స్టేషనుకు ఆ కారులోనే పంపాడు. మున్నీ గుమ్మంలో నిలబడి చెయ్యూపింది. ఆమెను చూడలేక నేను తలెత్తి పైకి చూశాను.

టాపులో ఒక్క ముడత కూడా లేదు.