తాడు ఊడిపోయాక పైకి వచ్చిన విమానం

చూపు ఆనడం లేదని అబద్ధం చెప్పి నన్ను పనిలోంచి తీసేశారు. చెప్పినాయన ఆ రోజు నా పక్కనే నిలబడి, నేను చూసిందే చూశాడు.

దయ్యాల మాట ఎవరెత్తినా నవ్వేవాణ్ణి నేను. బడికి వెళ్ళకపోయినా మోటార్ల పుస్తకాలు కూడబలుక్కుని చదివి పని నేర్చుకున్నవాణ్ణి. ఏది కదిలినా, దాన్ని కదిపేది ఒకటి ఉండి తీరాలి. ఇప్పటికీ అదే అంటాను.

ఆగిరిపల్లి దాటాక రాంబాబు గారి మామిడితోట. సరదాకి ఆయన రెండు సీట్ల చిన్న విమానం కొన్నారు. తోట చివర రేకుల షెడ్డు, దాని ముందు పల్లానికి దిగే సిమెంటు బాట. విమానాన్ని షెడ్డులోకి ఎక్కించాలంటే ముందు చక్రం దగ్గరి కడియానికి తాడు కొసనున్న కొక్కెం తగిలించి, లోపలున్న వించ్ మోటారుతో తాడు చుట్టి లాగాలి. ఆ పని నాది.

ఇనుప తాడు తీగలు లేచి అరచేతులు చీరేస్తోందని ఈ వేసవిలో సింథటిక్ తాడు వేయించారు. నేను అడ్డుచెప్పలేదు, సంతోషించాను కూడా. ఒంటి చేత్తో మోయొచ్చు, గ్రీజు అక్కర్లేదు. పాత తాడు, గ్రీజు డబ్బా రెండూ నూజివీడు పాత సామాన్ల కొట్టుకి పోయాయి. కడియాన్ని కిరసనాయిలుతో నేనే శుభ్రంగా తుడిచాను.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. కాయలు రాలుతున్నాయి. రాంబాబు గారు పక్కన నిలబడి చూస్తుండగా స్విచ్చి నొక్కాను. విమానం సగం బాట ఎక్కేసరికి కొక్కెం ఊడి సిమెంటు మీద ఠంగుమంది. వించ్ ఆపేశాను. విమానం వెనక్కి జారి చెట్లకి కొట్టుకోవాలి. జారలేదు. అదే వేగంతో, తొణక్కుండా పైకి వచ్చింది. గాలి తోసిందందామా అంటే, గాలి షెడ్డు వైపు నుంచి పల్లానికి కొడుతోంది.

రాలిన కాయలు ఏరుతున్న నాగమణి బుట్ట వదిలేసింది. "ఏంటి తాతా, తాడు కింద పడుంటే ఇదెట్టా వస్తంది?"

"నువ్వు కాయలేరుకోవే!" అన్నారు రాంబాబు గారు.

విమానం రోజూ ఆగే గీత దగ్గరే ఆగింది. చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టి కడియం తడిమాను. వేళ్ళకి నల్లగా అంటింది. ఇనుప తాడుకి పూసే గ్రీజు. రాంబాబు గారు కూడా వంగి చూశారు.

మర్నాటికి మాట మారింది. కొక్కెం ఊడనే లేదట, ముసలాయన కళ్ళు పోయాయట! కూలీలు భయపడి కోతకి రారని ఆయన దిగులు. దానికి నా కళ్ళే దొరికాయా? ఈ వయసులో సూదిలో దారం నేనే ఎక్కించుకుంటాను. టీకొట్టు దగ్గర, "తాతా, ఇది గ్లాసు, కనపడతందా?" అని ఎగతాళి. నాగమణిని సాక్ష్యం అడిగితే, "నాకెందుకులే తాతా, రేపు నన్ను పనికి పిలవొద్దా?" అంది.

ఆ గ్రీజు ఎక్కడిదో, విమానాన్ని లాగిందేమిటో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. చూడలేదనమంటే మాత్రం అనను. ఆ మాటే ఆయనకి కబురు మీద కబురు పెట్టాను. చివరికి మొన్న ఫోన్ చేశారు.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి బాబాయ్. ఆ గ్రీజు నా వేళ్ళకీ అంటింది. రేపట్నుంచి పనిలోకి రా. ఆ సంగతి మాత్రం ఇంకెప్పుడూ నన్నడగమాక."