అమ్మకు మేం చేసిన పుట్టినరోజు

ఆ తారీఖు ఇక్కడ రాయను. వానాకాలంలో వస్తుందని మాత్రం చెబుతాను. అమ్మ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ దగ్గర అదే ఉంది.

ముందు ఆ కార్డు సంగతి చెప్పాలి. మెదక్‌లో ఆఫీసులున్న దారిలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. పొద్దంతా ఎవరెవరివో దరఖాస్తులు నింపుతాను. వాళ్ల పుట్టిన తేదీలు, ఇంటి నంబర్లు ఒకటికి రెండుసార్లు అడిగి రాస్తాను. సొంత తల్లిని కార్డు కోసం తీసుకుపోయిన రోజు మాత్రం నాకు ఆ ఓపిక లేదు. లైను చాలా పెద్దదిగా ఉంది. షాపు మూసి వచ్చానన్న ఆరాటం ఒకటి.

"పుట్టిన తారీఖు చెప్పుండ్రమ్మా," అన్నాడు ఆపరేటర్.

అమ్మ బడికి పోలేదు. పుట్టినట్టు కాగితం కూడా లేదు. ఏం చెప్పమంటావన్నట్టు నా వైపు చూసింది.

"ఏదో ఒకటి చెప్పమ్మా. ఎనక ఎంత లైనున్నదో సూడు," అన్నాను.

అమ్మ తల దించుకుంది. తర్వాత తారీఖు, నెల తడుముకోకుండా చెప్పింది. ఏడాది చెప్పలేకపోతే ఆపరేటరే ఆమె వయసు అడిగి, లెక్కేసి పెట్టాడు. అంత కచ్చితంగా ఎలా చెప్పిందని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. పని త్వరగా అయిపోయిందనుకున్నానంతే.

పోయినేడు ఏదో ఫారం నింపుతూ నా భార్య ఆ కార్డు చూసింది.

"అత్తమ్మకు వచ్చే నెలల అరవై నిండుతయి. ఎన్నడన్న ఆమెకు బర్త్‌డే చేసినమా మనం?" అంది.

చేయలేదు. మా బిడ్డకు ఏటా చేస్తాం. అమ్మ ఆ రోజు పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంటుంది. కేకు కోసే వేళకు కూడా బజ్జీలు వేస్తూ ఉంటుంది. అది గుర్తొచ్చి నాకూ చేయాలనిపించింది.

"ఫంక్షన్ హాల్ మనతోని కాదు. ఇంట్లనే చేద్దాం. ఉన్నయిటితోనే చేద్దాం," అంది నా భార్య.

ఆమె ప్రైవేటు బడిలో టీచరు. బళ్లో ఏ పండుగ వచ్చినా స్టేజీ అలంకరణ ఆమెదే. చార్టు ముక్కలు, రంగు కాగితాలు, వాడిన రిబ్బన్లు దేన్నీ పారేయదు. రెండు వారాలు మా ఇంట్లో దొంగపని నడిచింది. అమ్మ పక్కింటికి పోగానే మంచం కింది నుంచి అట్టపెట్టె బయటికి వచ్చేది. పాత క్యాలెండర్ కాగితాలను మడతలు పెట్టి విసనకర్రల్లా విప్పి, గోడకు అంటించే పెద్ద పూలు చేసింది నా భార్య. నాలుగో తరగతి చదివే మా బిడ్డ అట్టకు మెరుపు కాగితం అతికించి నానమ్మకు కిరీటం చేసింది. వినాయక చవితికి కొన్న లైట్ల దండ తీసి, వెలగని బల్బులు మార్చాను. బెలూన్లు ఊది ఊది నోరు నొప్పి పుడితే సైకిల్ పంపు పెట్టాం. నా భార్య పెళ్లినాటి గులాబీ రంగు చీర గోడకు పరదా అయింది. కుక్కర్‌లో ఉప్పు పోసి కేకు ఎలా చేయాలో ఫోన్‌లో చూసి, రెండుసార్లు చేసి చూసింది. మొదటిది మాడింది. రెండోదాంట్లో గుడ్డు వేస్తే మెత్తగా వచ్చింది.

నా వంతు పని ఒకటుంది. షాపులో మిగిలిన థర్మాకోల్ మీద ఆ తారీఖు అంకెలను జానెడు ఎత్తున కోసి, బంగారు రంగు కాగితం అంటించాను. అంకెలు అమ్మకు వచ్చు. బస్సు నంబర్లూ, క్యాలెండర్‌లో తేదీలూ చూసి చెప్పగలదు. అక్షరాలు రావు కాబట్టి, ఆమె చదవగలిగేది ఒక్కటైనా గోడ మీద ఉండాలని నేనే పట్టుబట్టి పెట్టాను. ఇప్పటికీ నన్ను ఎక్కువగా కోసేది అదే.

ఆ రోజు పొద్దున అమ్మ స్నానం చేసి, చేతిసంచి పట్టుకుని బయలుదేరింది.

"ఏడుపాయలకు పోయొస్త బిడ్డా. పొద్దుగూకే లోపల వస్త."

ఆ అమ్మవారి గుడికి ఏడాదికి నాలుగైదుసార్లు పోతుంది. ఆ రోజే ఎందుకని నేను అడగలేదు. పైగా నా భార్య నా చెయ్యి గిల్లింది, మనకు మంచిదే అయిందన్నట్టు. అమ్మ ఏమైనా తిన్నదా లేదా అని కూడా ఎవరం చూడలేదు. ఆమె గేటు దాటగానే పరదా చీరకు పిన్నులు పెట్టడం మొదలుపెట్టాం.

సాయంత్రానికి చుట్టుపక్కల వాళ్లు పది మంది దాకా వచ్చారు. మా చిన్నమ్మను, అంటే అమ్మ చెల్లెల్ని కూడా పిలిచాను. ఆమెది మనోహరాబాద్ దగ్గర ఊరు. బస్సు దొరకలేదు, ఆలస్యమవుతుందని ఫోన్ చేసింది. అమ్మ గేటు తీసిన చప్పుడు వినగానే లైట్లు ఆర్పి, గడపలో కాలు పెట్టగానే వేసి, అందరం ఒక్కసారి అరిచాం.

అమ్మ ఉలిక్కిపడి ఆగిపోయింది. చేతిలో కుంకుమ పొట్లం, కొబ్బరి చిప్ప ఉన్నాయి. మా బిడ్డ పరుగెత్తి కిరీటం పెట్టింది.

"ఇయ్యాల నీ బర్త్‌డే నానమ్మా!"

"నాదా?"

"నీదే! కార్డుల ఉన్నది గదా!"

అమ్మ గోడ వైపు చూసింది. బంగారు రంగు అంకెలను చూసింది. అలా చూస్తూనే నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నాకు కనిపించింది. సంతోషం అనుకున్నాను. "జల్ది వీడియో తియ్యి," అని నా భార్యకు చెప్పాను.

ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. అందులో నా గొంతు కూడా ఉంది.

కేకు కోయమంటే కోసింది. నేను ముక్క తీసి నోటి దగ్గర పెడితే, ఒక్క క్షణం పెదాలు బిగించి నన్ను చూసింది. "అరే, తెరువమ్మా, ఫొటో తీస్తున్నరు," అన్నాను. తెరిచింది. తింటూ నవ్వింది. వచ్చినవాళ్లందరికీ తనే ప్లేట్లు అందించబోతే బలవంతంగా కూర్చోబెట్టాం. బగారన్నం, ఆలుగడ్డ కూర, బజ్జీలు బాగున్నాయన్నారు అందరూ. అంత తక్కువలో ఇంత బాగా ఎలా చేశారని పక్కింటామె అడిగితే, నా భార్య కాగితప్పూల మడతలు విప్పి చూపించింది. ఫొటోలు స్టేటస్‌లో పెట్టుకున్నాను. వరసగా మెసేజ్‌లు వస్తుంటే గర్వంగా చదివాను.

అందరూ తింటుండగా చిన్నమ్మ వచ్చింది. గోడ చూసింది, అక్క నెత్తి మీది కిరీటం చూసింది. పోయి అమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ప్రయాణంలో అలసిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున చిన్నమ్మను బండి మీద బస్టాండులో దింపాను. బస్సు ఇంకా రాలేదు. ఆమె సంచి కింద పెట్టి నా ముఖం చూసింది.

"కొడుకా, ఒక మాట అంటే పరేషాన్ గావు గద?"

"చెప్పు చిన్నమ్మా."

"ఆ తారీఖు ఎవలు చెప్పిండ్రు నీకు?"

"అమ్మనే. ఆధార్ కాడ."

చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అది మీ అన్న పోయిన తారీఖు బిడ్డా."

నాకంటే ముందు ఒకడు పుట్టి పోయాడని నాకు తెలుసు. చిన్నప్పుడు ఎవరో అంటే విన్నాను. ఎప్పుడు పోయాడు, ఎలా పోయాడు, ఎంత వయసువాడని అమ్మనూ, బతికున్నప్పుడు నాన్ననూ ఒక్కనాడూ అడగలేదు. అవన్నీ చిన్నమ్మ ఆ బస్టాండులో నిలబడి చెప్పింది. మూడేళ్లు దాటిన పిల్లవాడు. జ్వరం తగ్గకపోతే దవాఖానకు తీసుకొచ్చారు. రెండో రోజు పోయాడు. నాన్న కూలబడిపోతే, పోయినట్టు రాసిచ్చే కాగితం కోసం అమ్మే తిరగాల్సి వచ్చింది. ప్రతి కిటికీ దగ్గరా ఏ తారీఖు, ఏ తారీఖు అని అడుగుతుంటే, ఒక నర్సు ఆమెను కూర్చోబెట్టి తారీఖు, నెల నేర్పించి పంపింది.

"అదొక్కటే మీ అమ్మకు నోటికొచ్చిన తారీఖు. ఏటా ఆ దినం ఒక్కపొద్దుంటది. నీసు ముట్టది. నిన్న కేకుల గుడ్డు ఏసిండ్రా?"

వేశామన్నాను.

"సరే తియ్యి. నీకేమెరుక," అంది చిన్నమ్మ. బస్సు వచ్చింది. ఎక్కిపోయింది.

నాకేమెరుక అన్న మాట నన్ను కాపాడలేదు. తెలుసుకునే వీలు లేక కాదు, అడగలేదు కాబట్టి తెలియదు. రోజూ వందమందిని అడిగే ప్రశ్నే అది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ స్టూలు మీద నిలబడి కాగితప్పూలు చినగకుండా ఊడదీస్తోంది. మళ్లీ పనికొస్తాయని ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. నా భార్య బడికి, బిడ్డ తన బడికి పోయారు. గోడ మీద అంకెలు అట్లాగే ఉన్నాయి. వాటిని తను ముట్టలేదు. నేను వెళ్లి పీకేశాను. థర్మాకోల్ విరిగి నేలంతా రాలింది.

"గట్ల ఇరగ్గొడ్తవేందిరా. చిన్నది ఆడుకునేది," అంది అమ్మ.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

నా గొంతు వినగానే ఆమెకు అర్థమైంది. స్టూలు దిగి కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"చెల్లె చెప్పిందా? దానికి కడుపుల మాట ఆగది."

"నిన్న గుమ్మంలనే చెప్పొచ్చు గదమ్మా. అన్నీ బంద్ చేస్తుంటి."

"ఎట్ల చెప్పుదు? పిల్ల ఎంత సంబురంగ ఉన్నది. అందరు నవ్వుకుంట నిలబడ్డరు. నువ్వు గూడ మస్తు ఖుషీగ ఉంటివి."

"నోట్లె కేకు పెట్టిన. గుడ్డుండె."

"ఏమైతది? బిడ్డ చేత్తోనే తిన్న గదా."

నా చేత్తోనని అన్నదో, పోయిన బిడ్డ చేత్తోనని అనుకున్నదో నాకు తెలియలేదు. అడిగే ధైర్యం లేదు. కార్డులో తారీఖు మార్పిస్తానన్నాను. అది నాకు తెలిసిన పని. చేసేస్తే తప్పు కొంత తీరుతుందనిపించింది. అమ్మ వెంటనే తల అడ్డంగా ఊపింది.

"వద్దు. వాని కాగితం ఎన్నడో చెదలు పట్టింది. ఫొటో లేదు. వాడున్నట్టు యాడ రాసి లేదు బిడ్డా. నా కార్డు మీదన్న ఉండనీ."

తర్వాత తనే మాట్లాడటం మొదలుపెట్టింది. వాడికి మేకపిల్ల అంటే భయమట. బెల్లం ముక్క ఇస్తే బుగ్గలో దాచుకుని పొద్దంతా చప్పరించేవాడట. నాన్న భుజం మీద తప్ప ఎక్కడా నిద్రపోయేవాడు కాదట. అమ్మ నవ్వుతూ చెబుతోంది. ఆ నవ్వు నిన్నటి ఫొటోల్లో లేదు.

అంతలో నా ఫోన్ మోగింది. షాపు తెరవలేదేమని ఎవరో అడిగారు. ఆఖరి తేదీ అట, ఏదో దరఖాస్తు. ఒక్క నిమిషం ఆలోచించాను.

"పో బిడ్డా, పాపం ఎవలో ఎదురుచూస్తున్నరు," అంది అమ్మ.

పోయాను. ఆ రోజు షాపు తెరవకపోతే ఏమీ మునిగిపోయేది కాదు. సాయంత్రం వచ్చి, పొద్దున ఏదో చెబుతున్నావు కదా అంటే, "అయిపాయె, ఇంకేమున్నది," అని బియ్యం చేట ముందుకు లాక్కుంది. మళ్లీ అంత మాట్లాడలేదు. ఎప్పుడైనా ఒక ముక్క చెబుతుంది. నేను పని పక్కన పెట్టి వింటాను. నేను అట్లా వింటున్నానని తెలిస్తే ఆపేస్తుంది.

నా భార్యకు చెప్పిన రోజు ఆమె వంటింట్లో నిలబడి చాలాసేపు ఏడ్చింది. గుడ్డు వేసింది తనే కదా అని. కాదు, ఆ తారీఖు కోసి గోడకు పెట్టింది నేను అన్నాను. బిడ్డకు ఇంకా చెప్పలేదు.

ఈ ఏడు ఆ రోజు షాపు మూసి ఇంట్లోనే ఉన్నాను. అమ్మ సంచి తీసుకుంటుంటే, "నేను గూడ వస్త," అన్నాను. కాసేపు నా ముఖం చూసి, "అయితే గొడుగు పట్టుకో, వానొస్తది," అంది.

ఇద్దరం బస్సెక్కాం. ఏడుపాయల్లో దర్శనం అయ్యాక అమ్మ రెండు డజన్ల అరటిపళ్లు కొంది. మెట్ల పక్కన ఆడుకుంటున్న పిల్లలకు ఒక్కొక్కటే ఇవ్వడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లుగా ఆమె ఇక్కడికి వచ్చి చేసే పని అదన్నమాట. సగం పళ్లు తుంపి నా చేతిలో పెట్టింది.

"నువ్వు గూడ పంచు."

పంచాను. తల్లి కొంగు పట్టుకున్న ఒక చిన్నది పండు తీసుకుని, "ఎందుకిస్తున్నవ్?" అని అడిగింది. మా అన్న పేరు మీద అని చెప్పాలనుకున్నాను. ఆ మాట నేను ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. నోరు రాలేదు.

"ఊకెనే. తిను బిడ్డా," అన్నాను.

నాలుగడుగుల దూరంలో అమ్మ విన్నది. ఇంకో పండు తుంపి పక్కనున్న పిల్లవాడికి ఇచ్చింది.