మలుపులో హారన్

ఆ రోజుల్లో నేను బండి చాలా వేగంగా నడుపుతానని నాకు గట్టి నమ్మకం ఉండేది. దానికి ఆధారం ఏమిటని ఇప్పుడు అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పుదుచ్చేరిలో, ఉప్పళంలో ఉన్న మా ఇంటి నుంచి సారంలో ఉన్న ఆఫీసుకి పన్నెండు నిమిషాల్లో చేరుకునేదాన్ని. మా వీధి నుంచే వచ్చే పక్క సీటు అక్కకి అదే దూరం ఇరవై నిమిషాలు పట్టేది. (ఆమె దారిలో పూలు కొనుక్కునేదని, గుడి ముందు ఆగి దణ్ణం పెట్టుకునేదని చాలా కాలం తరవాత తెలిసింది.) పోటీ జరుగుతోందని ఆమెకి తెలియని ఈ పోటీలో రోజూ గెలుస్తూ, ఇరవై మూడేళ్ళ వయసులో, నాలో ఒక రేసర్ ఉందని తీర్మానించుకున్నాను.

మా నాయన టౌన్ బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్ళుగా పుదుచ్చేరి నుంచి విల్లియనూరుకి, విల్లియనూరు నుంచి పుదుచ్చేరికి బస్సు నడుపుతూ ఒక్క ప్రమాదం కూడా చెయ్యలేదు. కోడిని కూడా తొక్కలేదు. నాకు బండి నేర్పింది ఆయనే. గేర్లు, క్లచ్చు అరగంటలో అయిపోయాయి, హారన్ పాఠం మాత్రం నెల రోజులు నడిచింది. "మలుపు కాడ హారన్ కొట్టల్ల పాపా. అవతల ఎవురున్నారో నీకు తెలీదు, నువ్వు వస్తా ఉండేది వాళ్ళకి తెలీదు. ఎవురో ఒకరు చెప్పల్ల గదా" అనేవాడు. దాంతో మలుపు కనబడగానే నా ఎడమ బొటనవేలు నన్ను అడక్కుండానే తన పని చేసుకుపోయేది. వీధి మలుపులోనే కాదు, నడిచి వెళ్తూ సందు తిరిగినా ఆ వేలు కొంచెం కదిలేది.

అప్పుడు మా ఆఫీసులో ఒక అన్న ఉండేవాడు. అంతకుముందు రెండుసార్లు రేసు ట్రాక్ మీద బండి నడిపి వచ్చినందుకు ఆయన్ని అందరం రేసన్న అనేవాళ్ళం. మధ్యాహ్నం భోజనాల దగ్గర క్యారియర్ మూతని ట్రాక్ చేసి, దాని మీద ఊరగాయ ముక్కని నడిపించి, మలుపులో బండిని ఎలా వాల్చాలో చెప్పేవాడు. ఒకరోజు ఆయన, చెన్నై అవతల ఉన్న ట్రాక్ మీద కొత్తవాళ్ళ కోసం ట్రాక్ డే పెడుతున్నారనీ, అది పోటీ కాదనీ, ఎవరి బండి మీద వాళ్ళు రోజంతా తిరిగి రావచ్చనీ చెప్పాడు. ఊరగాయ ముక్క ఆగేలోపు నేను పేరు ఇచ్చేశాను. బండి నాది కాదన్న సంగతి ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది.

బండి నాయన పేరు మీద ఉంది. నాయన లెక్క ప్రకారం ఆయన పేరు మీద ఉన్న ఏ బండికి ఏం జరిగినా అది ఆయన సర్వీసు కిందికే వస్తుంది. రిటైర్ కావడానికి ఇంకా మూడు నెలలున్నాయి. నేను విషయం చెప్పగానే ఆయన అన్నం కలపడం ఆపి, "పోయేది యాడికి?" అన్నాడు.

"యాడికీ పోరు నాయనా. ట్రాక్ మీద సుట్టు తిరుగుతారు."

"తిరిగి?"

"బయల్దేరిన తావుకే వస్తారు."

ఆయన మళ్ళీ అన్నం కలపడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళు అదే పని చేసినవాడికి అందులో తప్పు కనబడలేదనుకుంటాను. "సరి. బండి పోతే నేనూ వస్తా. ముప్పై ఏండ్లు నా పేరు మీద ఒక గీత పడలా. బండి మీద ఒక్క గీత పడిందో, దాని బీగం చెవి సామి పటం ఎనక్కి పోతాది. నువ్వు ఆఫీసుకి నా బస్సులో వస్తావు" అన్నాడు. ఆయన బస్సులో కండక్టరు నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును, ఇప్పటికీ జనం అందరి ముందూ "పాప బాగా చదువుతా ఉందా" అని అడుగుతాడు. అందుకని ఆ షరతు నాకు ఉరిశిక్ష కంటే కొంచెమే తక్కువగా తోచింది.

ఆ ఆదివారం తెల్లారకముందే అమ్మ చక్రం కింద నిమ్మకాయ పెట్టి, హ్యాండిల్‌కి ఇంకో నిమ్మకాయా మిరపకాయలూ దండగా కట్టి పంపింది. రేసర్‌ని వెనక కూర్చోబెట్టుకుని ట్రాక్ దాకా నాయనే నడిపాడు, నలభై దాటకుండా. మార్గంలో మమ్మల్ని దాటిపోయిన వాటిలో గడ్డి లోడు ట్రాక్టరు కూడా ఉంది. నేను వేసుకున్న తోలు సూటు రేసన్నది, రేసన్న ఆరడుగుల మనిషి. నా మోకాళ్ళకి రక్షణగా ఉండాల్సిన గట్టి బిళ్ళలు పిక్కల దగ్గర ఉన్నాయి. ఎక్కువైన గుడ్డ అంతా చీలమండల దగ్గర కుప్పపడింది. నాయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఇంకోరిదా?" అని మాత్రం అడిగాడు.

ట్రాక్ దగ్గర ముందు బండిని తనిఖీ చేస్తారు. అద్దాలు విప్పెయ్యాలి, లైట్ల మీద టేపు అంటించాలి, వేలాడేది ఏదీ ఉండకూడదు. నిమ్మకాయ దండ తీసేసినప్పుడు నాయన చేతులు కట్టుకుని చూశాడు. అద్దాలకి స్పానర్ పెట్టినప్పుడు మాత్రం ముందుకొచ్చి, "అద్దాల్లేకండా బండి ఎట్లా నడిపేది? ఎనకొచ్చేటోడు కనబడొద్దా?" అని వాళ్ళతో తమిళంలో ఒకసారీ, నాతో తెలుగులో ఒకసారీ అడిగాడు. వెనక్కి చూడక్కర్లేదు, ముందుకే చూడాలి అన్నాడు తనిఖీ మనిషి. ఆ సిద్ధాంతం నాయనకి ఈ రోజుకీ మింగుడుపడలేదు. విప్పిన అద్దాలు రెండూ తన తెల్ల తువ్వాలులో చుట్టుకుని, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని, చూసేవాళ్ళ కోసం కట్టిన మెట్ల మీదికి ఎక్కి కూర్చున్నాడు. హారన్ సంగతి ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం వస్తుందని వాళ్ళకి అంతవరకూ తోచి ఉండదు.

మొదటి మలుపు రాగానే నా బొటనవేలు తన పని తాను చేసింది. రెండో మలుపులోనూ చేసింది. ఆ ట్రాక్ మీద చాలా మలుపులున్నాయి, నేను ఒక్కదాన్నీ వదల్లేదు. నన్ను కుడి నుంచీ ఎడమ నుంచీ దాటిపోయినవాళ్ళందరూ హెల్మెట్ లోంచి ఒకసారి తిరిగి చూసి మరీ పోయారు. అయితే హారన్ వల్ల లాభమే కలిగింది. నా ముందు పోతున్న ఒకాయన, పాపం రోజూ మన రోడ్ల మీద తిరిగేవాడే అయి ఉండాలి, హారన్ వినగానే అలవాటుగా ఎడమకి జరిగి, చెయ్యి ఊపి దారి ఇచ్చాడు. ఆ రోజంతటిలో నేను దాటిన మనిషి ఆయనొక్కడే.

మధ్యాహ్నం కొత్తవాళ్ళకి నేర్పే శిక్షకుడు నన్ను పక్కకి పిలిచాడు. (నీడలో కూడా నల్ల కళ్ళద్దాలు తియ్యని మనిషి, ఎవరి మీదా గొంతు పెంచడు.) "ఇక్కడ ఎదురుగా ఎవరూ రారమ్మా. నీ బొటనవేలి మీద నీకు నమ్మకం లేకపోతే టేపు వేద్దాం" అన్నాడు. హారన్ బటన్ మీద రెండు పొరల టేపు అంటించాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: "చూపు ఎటుంటే బండి అటే పోతుంది. పోవాల్సిన చోటే చూడు."

చివరి విడతలో హారన్ లేదు. ఏం చెప్పను, ఆ రెండు రౌండ్లు నేను బతికినంత కాలం మరచిపోను. బొటనవేలికి పని లేకపోయేసరికి మిగతా ఒళ్ళంతా పని నేర్చుకుంది. బండి వాలింది, నేనూ వాలాను, గాలి తప్ప ఇంకేమీ వినబడలేదు. నిజంగానే నాలో ఎవరో ఉన్నారనిపించి హెల్మెట్‌లో నవ్వుకున్నాను. మూడో రౌండులో, మెట్లకి ఎదురుగా ఉన్న మలుపులోకి వస్తుంటే, కంచె దగ్గర తెల్లగా ఏదో కదిలింది. నాయన. కూర్చున్నవాడు లేచి కిందికి దిగి, కంచె పట్టుకుని, తువ్వాలు మూటతో సహా ట్రాక్ అంతా వెతుకుతున్నాడు. ఏమైందా అని అటు చూశాను. శిక్షకుడు చెప్పింది అక్షరాలా నిజం. బండి అటే పోయింది.

ట్రాక్ దిగి, గడ్డిలో చాలా దూరం ప్రయాణం చేసి, మెల్లగా ఆగాం. అంతవరకూ పడలేదు. ఆగాక కాలు కిందపెట్టబోతే చీలమండ దగ్గరి గుడ్డంతా ఫుట్‌రెస్ట్‌కి చిక్కుకుంది. నడక కంటే తక్కువ వేగంతో, ఎవరో పడుకోబెట్టినట్టు, బండీ నేనూ ఎడమ పక్కకి ఒరిగిపోయాం. సరిగ్గా అక్కడే గడ్డిలో ఒక రాయి ఉంది. నాకు ఏమీ కాలేదు. ట్యాంకు మీద జానెడు గీత పడింది.

బండిని వ్యానులో వేసి తెచ్చారు. నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, గీత దగ్గర కూర్చుని, వేలితో ఆ చివరి నుంచి ఈ చివరికి తడిమాడు. నేను కండక్టరు మొహం తలుచుకుంటూ నిలబడ్డాను. ముప్పై ఏళ్ళ మాట నా వల్ల పోయింది.

"హారన్ ఎందుకు నిలిపేస్తివి?" అన్నాడు, గీత మీంచి చూపు తిప్పకుండా.

"కొట్టొద్దన్నారు నాయనా. ఎదురుగా ఎవురూ రారంట."

"ఎదురుగా వచ్చేటోళ్ళ కోసమా కొట్టేది? అందురూ నల్ల టోపీలు పెట్టుకోని తిరగతా ఉండారు. దాంట్లో నా బిడ్డ ఏదో నాకెట్టా తెలిసేది? పొద్దున్నించి ఆ హారన్ ఇని, సరి, పాప వస్తా ఉంది, బాగుంది అనుకుంటా కూసోని ఉంటిని. ఉన్నట్టుండి నిలిచిపోయ."

ఆయన లేచి తువ్వాలు విప్పి, అద్దాలు రెండూ తుడిచి, తనే బిగించాడు. టేపు పీకేసి హారన్ ఒకసారి నొక్కి చూశాడు. తరవాత, "ఇది రోడ్డు గాదు. రోడ్డు కాని తావున జరిగింది సర్వీసు కిందికి రాదు" అని తీర్పు చెప్పి, తాళం చెవి నా చేతిలో పెట్టి వెనక సీట్లో కూర్చున్నాడు. ఆయన ఇంకొకరి వెనక కూర్చోవడం నేనెరిగి అదే మొదలు. ఇల్లు చేరేదాకా మలుపు వచ్చినప్పుడల్లా భుజం మీద ఆయన వేలు ఒకసారి తట్టేది, నేను హారన్ కొట్టేదాన్ని.

రిటైర్మెంటు సభలో ఆయన మైకు పట్టుకుని ముప్పై ఏళ్ళలో ఒక్క గీత లేదని చెప్పాడు. చెప్పి, మూడో వరసలో ఉన్న నన్ను చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. బండి బయట ఉంది, దాని ఎడమ పక్క గోడకి ఆనేలా. ఆ రోజు నుంచి దాన్ని ఎక్కడ పెట్టినా ఆ పక్క గోడకే ఉంటుంది.

ఇప్పుడు నేను కూడా బండి మీద నలభై దాటను, ఇంకొన్నేళ్ళు పోతే వయసు మాత్రం దాటుతుంది. (ఇదంతా ఇంత ధైర్యంగా రాయడానికి కారణం, మా ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం నాకు తప్ప ఎవరికీ రాదు.) ఆఫీసు నుంచి వస్తూ మా వీధి మలుపు తిరిగేటప్పుడు హారన్ కొడతాను. ఆ వేళకి వీధిలో ఎవరూ ఉండరు, ఎదురుగా ఎవరూ రారు. లోపల నాయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "పాప వచ్చింది, అన్నం పెట్టు" అంటాడట. అమ్మ చెప్పింది.