పైడిబాబు కెమెరాలో ఉండిపోయిన టేపు

టాటానగర్‌లోని కద్మా పేటలో త్రివేణి ఇంటి ముందుగదిలో రెండు కంప్యూటర్లుంటాయి. ఒకటి కొత్తది. రెండోది ఎప్పటిదో, స్విచ్ వేస్తే పాత ఫ్యానులా రొద పెడుతుంది. దాన్ని అమ్మెయ్యమని చాలామంది చెప్పారు. టేపు కెమెరాల కేబులు దానికి తప్ప మరి దేనికీ పట్టదు కాబట్టి ఆమె అమ్మలేదు.

ఇప్పటి కెమెరాల్లో కార్డులుంటాయి. టీ చల్లారేలోపు పెళ్లి మొత్తం కంప్యూటర్లోకి వచ్చేస్తుంది. టేపు అలా కాదు. గంట టేపు ఎక్కించాలంటే గంటా పడుతుంది. కెమెరా దాన్ని మొదటినుంచీ ఆడించాలి, ఆడుతున్నంతసేపూ సాఫ్ట్‌వేరు పట్టుకుంటూ ఉండాలి. మధ్యలో బొమ్మ ముక్కలైతే ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ పట్టాలి. అందుకని పక్కన ఒక మనిషి కూర్చోక తప్పదు. రైల్వే క్వార్టర్లలో, నది అవతల మాంగో అనే పేటలో ఉన్న తెలుగువాళ్లు బీరువాల అడుగున దొరికిన టేపులు త్రివేణి దగ్గరికి తెస్తారు. ఆమె కూర్చుంటుంది.

ఆ టేపుల్లో ఎక్కువభాగం ఆమె భర్త పైడిబాబు తీసినవే. ఊళ్లో మిగతావాళ్లు మామూలు కెమెరాలతో నెట్టుకొస్తున్న రోజుల్లో అతను హెచ్.డి. కెమెరా కొన్నాడు. పగలు ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డింగు, సెలవు పెట్టి పెళ్లిళ్లు. అతను తీసేవాడు, ఆమె ఎడిటింగ్ చేసేది. శ్రీకాకుళం నుంచి పెళ్లయి వచ్చేనాటికి ఆమె కంప్యూటరు ముట్టుకున్నది లేదు. అతని పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకుంది.

కెమెరా వెనకాల ఉండేవాడు కాబట్టి పైడిబాబు ఏ టేపులోనూ కనిపించడు. వినిపిస్తాడు. "పిన్నీ, ఆ పళ్లెం కాస్త పైకెత్తండి." "బాబాయ్, ఇటు ఇటు." కొన్నిచోట్ల దగ్గు, కొన్నిచోట్ల ఊపిరి. అతనికొక చెడ్డ అలవాటు కూడా ఉండేది. ఆపేశాననుకుని బటన్ రెండుసార్లు నొక్కేవాడు. ఆగిన కెమెరా మళ్లీ నడిచేది. టేపులో అతని చెప్పులు, మెట్లు, షామియానా గుంజలు తలకిందులుగా వెళ్లిపోతూ ఉండేవి.

"మళ్లీ నీ కాళ్లే తీసుకొచ్చినావా?" అని త్రివేణి విసుక్కునేది. తిట్టుకుంటూ ఆ ముక్కలు తుడిపేసేది.

మాంగోలో గోవిందరావు కూతురి పెళ్లికి వెళ్లి, తెల్లవారి స్కూటరు మీద తిరిగివస్తూ పైడిబాబు చనిపోయాడు. బ్రిడ్జి దాటిన తరువాత లోడు ట్రైలరు లారీ గుద్దింది. ఛాతీకి అడ్డంగా వేసుకున్న కెమెరా బ్యాగు మాత్రం ఎగిరి గడ్డిలో పడింది. ఆ పొద్దున త్రివేణి అతనికి రెండుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి రింగు పూర్తిగా మోగి ఆగిపోయింది. రెండోసారి మధ్యలో తెగిపోయింది.

జేబులోంచి ఫోను తీస్తుండగానే గుద్దేసిందని ఆమెకు ఆ రోజే అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. పైడిబాబు తల్లి జోగమ్మకి ఫోను సంగతి తెలుసు. ఆవిడా ఏమీ అనలేదు. అత్తాకోడళ్లు ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరికొకరు వడ్డించుకుంటూ, ఆ పొద్దుటి మాట మాత్రం ఎత్తకుండా బతికారు. అత్తగారి మౌనమంతా తనను తప్పుపట్టడమేనని త్రివేణి నమ్మింది. కూర బాగులేదని జోగమ్మ ఒక్కసారి అన్నా బాగుండేదని ఆమెకు ఎన్నోసార్లు అనిపించింది.

గోవిందరావు ఇంటివాళ్లకు మిగతా టేపులు ముట్టాయి. ఆఖరుది కెమెరాలోనే ఉండిపోయింది. అది అప్పగింతల టేపు. అంత ఘోరం జరిగాక దాన్ని ఎలా అడుగుతామని వాళ్లు అడగలేదు. త్రివేణి ఆ కెమెరాను బ్యాగుతో సహా అటక మీద పెట్టేసింది. ఇతరుల టేపులు ఎక్కించడానికి సెకండ్ హ్యాండులో వేరేది కొనుక్కుంది.

మొన్న చలికాలంలో ఆ పెళ్లికూతురు రజని వచ్చింది. అప్పటి పిల్లకి ఇప్పుడు చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. చెప్పులు విప్పి లోపలికి వచ్చి చాలాసేపు గ్లాసులో నీళ్లు చూస్తూ కూర్చుంది.

"పాపా పోనారు వదినా. దసరా ముందల," అంది తండ్రి గురించి. "ఫోటోలు బోలెడున్నాయి. అన్నిట్లోనూ డ్యూటీలో నిలబడినట్టే ఉంటారు. నన్ను పంపినప్పుడు ఏడ్చినారంట. నాకేటీ గుర్తు లేదు, నేనూ ఏడుస్తున్నాను కదా. వో టేప్ అగర్ హై తో... ఆ టేపు ఉంటే ఇయ్యండి. నేదంటే నేదని చెప్పెయ్యండి, ఏమీ అనుకోను."

త్రివేణి అటకవైపు చూసింది. లేదని చెప్పడం తేలిక. రజని కొంగు చివర వేలికి చుట్టి విప్పుతూ కూర్చుంది. చివరికి త్రివేణి అంది, "ఉంది. ఆడతాదో నేదో నాకు తెలీదు. ప్రయత్నం సేస్తాను."

బిష్టుపూర్‌లో కెమెరాలు బాగుచేసే దీపక్ దగ్గరికి మర్నాడే అటక మీది కెమెరా దించి తీసుకెళ్లింది. ఒకవైపు మూత నొక్కుకుపోయి తెరుచుకోలేదు. అతను సన్నటి స్క్రూలు విప్పి, టేపు బయటికి తీసి, వెలుతురుకి పట్టి చూసి, "రీల్ ఠీక్ హై దీదీ" అన్నాడు. అది బాగుండకపోతే బాగుండునని దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన త్రివేణి, టేపును రుమాల్లో చుట్టి పర్సులో పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక టేపును సెకండ్ హ్యాండు కెమెరాలో పెట్టి, కేబులు తగిలించి, కంప్యూటర్లో రికార్డు నొక్కింది. స్పీకర్లు పెట్టాలా, చెవుల్లో పెట్టుకోవాలా అని ఆలోచించి స్పీకర్లే పెట్టింది. ఆ గొంతు చెవిలోకి నేరుగా రావడం ఆమె భరించలేదు.

మొదట నీలం తెర. తరువాత ఎర్రటి కార్పెట్టు, పూలు కట్టిన కారు. రజని తల వంచుకుని ఏడుస్తోంది. గోవిందరావు ఆమెకు దూరంగా, జనరేటరు పక్కన, వీపు ఇటు తిప్పి నిలబడి ఉన్నాడు. కెమెరా మెల్లగా అతని దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్," పైడిబాబు గొంతు. చాలా నెమ్మదిగా. "ఒకసారి ఇటు తిరగండి."

"వద్దురా. నన్ను తియ్యకు."

"మీకోసం కాదు బాబాయ్. అమ్మాయి రేపు సూసుకుంటాది."

గోవిందరావు తిరిగాడు. ముఖమంతా తడి. తుడుచుకోబోయి, చేయి దించేసి, అలాగే కెమెరావైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక జనరేటరు మోగుతోంది. పైడిబాబు ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

త్రివేణి కళ్లు తుడుచుకుంది. కారు వెళ్లిపోయింది. కెమెరా నేలకు దిగింది, బొమ్మ ఆగింది. ఇక్కడితో అయిపోయిందనుకుని ఆమె స్టాప్ మీదికి చేయి పోనిచ్చింది. తెర నల్లబడింది. కానీ నల్లటి తెర కింద సెకన్లు పరిగెడుతూనే ఉన్నాయి.

మళ్లీ రెండుసార్లు నొక్కాడు.

కెమెరా బ్యాగు జిప్పు మూసిన చప్పుడు. ఎవరికో "వెళ్లొత్తాను" అని చెప్పాడు. స్కూటరు కిక్కు కొట్టాడు, అంటుకోలేదు, మళ్లీ కొట్టాడు. త్రివేణి చేయి మౌసు మీదే ఉంది. ఆ చేతితో ఏమి చెయ్యాలో ఆమెకు తెలియలేదు. ఇప్పుడు ఆపితే బతికే ఉంటాడు. ఆపకపోతే ఆ చప్పుడు వినాలి.

స్కూటరు నడుస్తోంది. గతుకులకి బ్యాగు అతని ఛాతీకి కొట్టుకుంటోంది. పాల వ్యాను హారను. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు, మాటలు రాక మధ్యలో వదిలేస్తున్నాడు. అప్పుడు ఫోను మోగింది.

త్రివేణి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. తాను చేసిన ఫోను. ఇటు ఈ ఇంట్లో నిలబడి చెవికి పెట్టుకుని విన్న రింగు, అటు అతని జేబులో ఇలా మోగిందన్నమాట. మోగింది, మోగింది. అతను తియ్యలేదు. నవ్వాడు.

"వత్తన్నానే బాబూ, వత్తన్నా. బ్రిడ్జి దాటనీ."

"రా, నీళ్లు కాగిపోనాయి."

ఆ మాట టేపులోంచి రాలేదు. వంటింట్లోంచి వచ్చింది. జోగమ్మ ఎప్పటిలాగే, పనిలో ఉన్న మనిషి గుమ్మంలోకి వచ్చిన కొడుక్కి చెప్పినట్టుగా చెప్పింది. త్రివేణి వెనక్కి తిరిగింది. మరుక్షణం వంటింట్లో గిన్నె కిందపడింది. జోగమ్మ గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులు తడిగా ఉన్నాయి.

"ఎవులే అది?"

త్రివేణి తెరవైపు చూపించింది. స్కూటరు ఇంకా నడుస్తూనే ఉంది. ఇద్దరూ కదలకుండా నల్లటి తెరను చూశారు. కూనిరాగం మళ్లీ మొదలైంది. తరువాత టక్కుమని చిన్న చప్పుడు. నీలం తెర. టేపు అయిపోయింది. బ్రిడ్జి రానే లేదు.

ఆ తరువాత ఏమి జరిగిందో ఆ టేపుకు తెలియదు. రెండో ఫోను అతను తీయబోయాడో లేదో ఎప్పటికీ తెలియదు.

రజనికి అప్పగింతల ముక్క ఇచ్చేటప్పుడు త్రివేణి అడిగింది, "మా ఆయన మాటలు తీసేసి పాట పెట్టనా? అందరూ అలాగే పెట్టించుకుంటారు."

రజని తండ్రి ముఖం దగ్గర బొమ్మ ఆపించి చూస్తూ ఉంది. "తియ్యొద్దు వదినా. అన్నయ్య పిలిస్తేనే కదా పాపా ఇటు తిరిగినారు."

నల్లటి ముక్కను మాత్రం త్రివేణి ఎవరికీ ఇవ్వలేదు. తుడిపెయ్యనూ లేదు. మర్నాడు మధ్యాహ్నం జోగమ్మ తనే కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. "అబ్బాయిని పెట్టు," అంది. ఆ రోజు పెట్టింది. ఆ మరుసటి రోజూ పెట్టింది. అది అలవాటైపోయింది. ముసలావిడ ఏమీ కనిపించని తెరకేసి కళ్లార్పకుండా చూసేది. ఇంట్లో రోజూ స్కూటరు అంటుకునేది, రోజూ ఫోను మోగేది. పక్కింటి సూర్యకాంతం ఒకరోజు గుమ్మంలో నిలబడి, ఇంటికి ఎవరొచ్చారని అడిగింది. త్రివేణి లేచి స్పీకర్ల సౌండు తగ్గించింది. నిద్రలోనూ ఆమెకి ఆ కూనిరాగం వినపడసాగింది. లేచి చూస్తే పాత కంప్యూటరు ఆగే ఉండేది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం జోగమ్మ సగంలో చేయి ఎత్తింది.

"ఆపేయ్. రోజూ వత్తన్నానంటాడు. రాడు."

త్రివేణి ఆపింది. ఫ్యాను తిరుగుతోంది. ఇన్నేళ్లు మింగుకున్న మాట ఇక మింగలేక, "రెండోసారి కూడా ఫోన్ సేసినానత్తా. అప్పుడే..." అని ఆగిపోయింది.

జోగమ్మ తన చేతులు చూసుకుంది.

"నువ్వు మర్సిపోనావే. ఆ పొద్దు నువ్వు నిద్దరోతన్నావు. నీళ్లు కాగిపోనాయి, ఆడెక్కడున్నాడో ఫోన్ సెయ్యి అని నిన్ను లేపింది నానే. తియ్యలేదంటే మళ్లీ సెయ్యమన్నదీ నానే. నా వల్లే పోనాడని నువ్వు ఎప్పుడంటావో, ఎప్పుడంటావో అని సూత్తన్నాను. నువ్వేటీ అన్నేదు. అందుకే నీ మొకం సూసి మాటాడ్డానికి నాకు నోరు రాలేదు."

త్రివేణి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. భుజం మీద చేయి, చీకటి వదులుతున్న గది, పొయ్యి మీద ఆవిరి. నిజమే కావచ్చు. ఆమె కళ్లలో ఆ పొద్దుటి నుంచి మిగిలింది చేతిలోని ఫోను ఒక్కటే.

లేచి వెళ్లి అత్తగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. జోగమ్మ ఆమె తల మీద చేయి వేయలేదు, ఏడవనూ లేదు. కాస్త జరిగి, కుర్చీకి ఆనుకోవడానికి చోటిచ్చింది. సాయంత్రం దీపాలు పెట్టేవేళదాకా ఇద్దరూ పైడిబాబు గురించి మాట్లాడుకున్నారు, చిన్నప్పుడు అతనికి తట్టు పోసిన సంగతితో మొదలుపెట్టి. అతని పేరు ఆ ఇంట్లో అన్నిసార్లు పలికి చాలా ఏళ్లయింది.