ఏటి నీళ్ళు ఉప్పగా ఉన్నాయన్నందుకు

మాది జమ్మలమడుగు. మిషన్ దొరల కాలంలో మతం మారిన ఇల్లు, తాత నుంచీ అందరం టీచర్లమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను పులివెందుల వైపు ఒక పల్లెకు వేశారు. బస్సు దిగగానే ఒక పెద్దాయన అడిగిన మొదటి మాట, "ఎవరి మనిషివమ్మా నువ్వు?" అని. ఎవరి మనిషినీ కాదంటే నమ్మలేదు. ఆ ఊళ్ళో పార్టీ పుట్టుకతోనే వస్తుంది. పై వీధి ఒక పార్టీ, కింద వీధి ఒక పార్టీ. నాకు రెండు వీధుల మధ్య, బడి పక్కన ఒక గది దొరికింది.

ఎండాకాలంలో ఏరు ఎండితే ఇసకలో చెలమలు తవ్వుకునేవాళ్ళం. చేత్తో గుంట తీస్తే అడుగున నీళ్ళు ఊరుతాయి. మొదట ఊరిన బురద నీళ్ళు తోడి పారబోసి, తేటపడేదాకా కూర్చుని, టెంకాయ చిప్పతో బిందె నింపుకోవాలి. అందులోనూ పార్టీలే. పై వీధి ఆడవాళ్ళ చెలమలు వంతెనకు ఎగువన, కింద వీధి వాళ్ళవి దిగువన. నేను వంతెన కిందే తవ్వుకునేదాన్ని. నాకు తోడుగా ఒక అక్క వచ్చేది. పై వీధిలో చివరి ఇల్లు ఆమెది, నా గదికి ఆనుకునే ఉంటుంది. గొర్రెలు మేపుకునే కుటుంబం. నీళ్ళు ఊరేదాకా ఆమె నా పెళ్ళి గురించి దిగులుపడేది, కోడలి మీద చాడీలు చెప్పేది. నేను ఆదివారం జమ్మలమడుగు చర్చికి పోయి వస్తే, "మీ దేవునికి నా మోకాలి సంగతి చెప్పినావా టీచరమ్మా?" అని అడిగేది. ఆ ఊళ్ళో నాకు మాట్లాడే మనిషంటే ఆమే.

తర్వాత కొండ అవతల ఫ్యాక్టరీ వచ్చింది. రాయి తవ్వి, పిండి చేసి, కరెంటు తయారీకి ఇంధనం తీస్తారట. షామియానా వేసి మీటింగు పెట్టారు. "ఎడారి దేశాలు చమురు బిగబడితే మన బండ్లు ఆగిపోతాయి. పెద్ద దేశాలేమో ఇంధనం ఇస్తామంటూనే మన చేత సంతకాలు పెట్టించుకోవాలని చూస్తాయి. మీ కొండ ఉంటే మనం ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు," అన్నాడు ఆఫీసరు. బడిలో సోషల్ చెప్పే నాకు ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు. అక్క మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "ఆ దేశాలోళ్ళకూ పార్టీలుండాయా?" అంది. ఉన్నాయన్నాను.

లారీల కాంట్రాక్టు పై వీధి నాయకుడికి దక్కింది. అక్క కొడుకు లారీ డ్రైవరయ్యాడు. కొన్నాళ్ళకు చెలమ నీళ్ళు మారాయి. బిందె అడుగున తెల్లటి పొర కట్టేది. పప్పు ఎంతసేపు పెట్టినా ఉడికేది కాదు. ఫ్యాక్టరీ మురుగు ఏట్లో కలుస్తోందని కింద వీధి వాళ్ళు గొడవకు దిగారు. అంతే, పై వీధి వాళ్ళకు అవే నీళ్ళు తియ్యగా అయిపోయాయి. కింద వీధి వాళ్ళు చూస్తుండగా చెంబులకు చెంబులు ఎత్తి తాగి, మీసాలు తుడుచుకునేవాళ్ళు. నీళ్ళు తాగి విశ్వాసం చూపించుకునే ఊరు ఇంకెక్కడన్నా ఉందేమో నాకు తెలియదు.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. బడి ముందు రెండు పార్టీలూ రెండు వైపులా నిలబడ్డాయి. ఎవరిని అడిగినా పార్టీ మాటే చెబుతున్నారని ఆయన విసిగిపోయి, చెలమ నీళ్ళ చెంబు నా చేతికిచ్చాడు. "మీరు ఏ పార్టీ కాదుగా, మీరు చెప్పండి." జనంలో అక్క కనిపించింది. వద్దన్నట్టు తల ఊపింది, నాకు మాత్రమే తెలిసేలా. బడిలో పిల్లలు తాగే కడవలోవీ ఆ నీళ్ళే. నేను ఒక గుక్క తాగి, "ఉప్పగా ఉన్నాయి సార్. తాగడానికి పనికిరావు," అన్నాను.

కింద వీధి వాళ్ళు ఈలలు వేశారు. సాయంత్రం వాళ్ళ నాయకుడు దండ ఇచ్చి మనుషుల్ని పంపాడు. నేను మీ పార్టీ కాదప్పా అని తిప్పి పంపేశాను. దాంతో వాళ్ళకూ కోపమొచ్చింది. మర్నాడు వంతెన కింద అక్క లేదు. ఎగువన, వాళ్ళ ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది.

ఒకరోజు గోడ పక్కన ఆమెను ఆపి అడిగాను. "ఆ నీళ్ళు ఎట్లుండాయో నీకు తెలీదా అక్కా?"

"గొర్రెలే మూతి పెట్టల్యా, నాకు తెలీదా? నా కొడుకు వాళ్ళ బండి మీదుండాడు టీచరమ్మా. నాతో మాట్లాడొద్దు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. గదిలోకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

ఎన్నికలొచ్చాయి. పై వీధి నాయకుడు, ఏటి నీళ్ళు బాగానే ఉన్నా తన జనానికి సేవ చేస్తానంటూ పులివెందుల నుంచి ట్యాంకరు తెప్పించాడు. కింద వీధి నాయకుడు ఊరుకుంటాడా? ఇంకో ట్యాంకరు వచ్చింది. ఒకటి ఆ వీధిలో ఆగేది, ఒకటి ఈ వీధిలో. పిల్లలు ఇళ్ళ నుంచి సీసాల్లో మంచినీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అది చాలు నాకు అనుకున్నాను. కానీ చాలలేదు.

నేనూ బిందె తీసుకుని పై వీధిలో వరసలో నిలబడ్డాను. ట్యాంకరు మనిషి పైపు పక్కకు తిప్పి, "మీరు మావోళ్ళు కాదంట కదా మేడం," అన్నాడు. కింద వీధి ట్యాంకరు దగ్గరా అదే మాట. తిరిగి వస్తుంటే అక్క నిండు బిందె చంకనెత్తుకుని ఎదురైంది. నా ఖాళీ బిందె వంక చూసింది. ఆమె పెదాలు కదిలాయి. వెనక ఎవరో దగ్గారు. ఆమె గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

నేను ఏట్లోకి దిగాను. ఎగువనా దిగువనా ఎవరూ లేరు, పాత చెలమలన్నీ పూడిపోయాయి. వంతెన కింద కూర్చుని ఒకటి తవ్వుకున్నాను. ఊరంతా మానేసిన ఆ నీళ్ళను, అవి తాగడానికి పనికిరావని చెప్పిన నేనొక్కదాన్నే, ప్రొద్దుటూరికి బదిలీ అయ్యేదాకా తాగాను.